పాఠకుల ప్రశ్నలు: యాపిల్ నిల్వ లోపాలు, వాటి వెనుక ఉన్న జన్యువులు

యాపిల్ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పంట కాదు. అయినా ఏడాది పొడవునా మన బజార్లలో దొరుకుతోంది. అంటే మనం కొనే ప్రతి కాయా ఎక్కడో కొంతకాలం నిల్వ ఉండి వచ్చినదే. ఆ నిల్వలో వచ్చే తేడాల గురించి ఈ రెండు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలు కొన్ని చేరాయి. అవన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున ఈ సంచికలో వాటికి మాత్రమే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఒంగోలులో పండ్ల వ్యాపారం చేస్తున్నాను. చెన్నై నుంచి తెప్పించిన గ్రానీ స్మిత్ ఆకుపచ్చ యాపిల్ పెట్టెలు విప్పినప్పుడు కాయ మచ్చ లేకుండా ఉంది. దుకాణంలో పెట్టిన నాలుగైదు రోజులకే తొక్క మీద గోధుమరంగు మరకలు పాకాయి. కోసి చూస్తే లోపల గుజ్జు తెల్లగానే ఉంది. సరుకు పంపినవారు మా ఊరి ఎండదే తప్పంటున్నారు. ఇది నిజమేనా?

జవాబు: మీరు వర్ణించిన లక్షణాలు సూపర్‌ఫిషియల్ స్కాల్డ్ అనే నిల్వ లోపానివి. మీ దుకాణంలోని వేడికి ఆ మరకలు బయటపడిన మాట నిజమే కాని, వాటికి కారణమైన దెబ్బ కాయ ఒంగోలు చేరకముందే, చల్లటి గదిలో ఉన్నప్పుడే తగిలింది. ఇది బూజు వల్లగాని, బాక్టీరియా వల్లగాని వచ్చే తెగులు కాదు కనుక ఒక కాయ నుంచి పక్క కాయకు అంటుకోదు. సరుకు పంపినవారితో మాట్లాడేటప్పుడు మీకు ఈ రెండు సంగతులూ పనికివస్తాయి.

యాపిల్ తొక్కలో ఆల్ఫా ఫార్నసీన్ అనే పదార్థం సహజంగానే తయారవుతుంది. కాయ పక్వానికి వస్తున్నప్పుడు దానిలో పుట్టే ఇథిలీన్ వాయువు ఈ తయారీని పెంచుతుంది. కాయను నెలల తరబడి సున్నా డిగ్రీల దగ్గర ఉంచినప్పుడు ఆ ఫార్నసీన్ తొక్కలోనే ఆక్సిజన్‌తో కలిసి కాంజుగేటెడ్ ట్రైయీనాల్స్ అనే సమ్మేళనాలుగా మారుతుంది. ఈ మార్పుల క్రమంలో తొక్కలోనూ, తొక్కను ఆనుకుని ఉన్న కొద్ది వరుసలలోనూ కణాల పొరలు దెబ్బతింటాయి. చల్లదనంలో ఉన్నంతకాలం ఆ దెబ్బ కంటికి కనిపించకపోవచ్చు. వెచ్చని గాలి తగిలాక చెడిన కణాలలోని ఫినాలిక్ పదార్థాలు గోధుమరంగుకు తిరుగుతాయి. గుజ్జు తెల్లగా ఉండి తొక్క మాత్రమే మాడినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఆల్ఫా ఫార్నసీన్‌ను తయారుచేసే ఎంజైముకు సంబంధించిన జన్యువును ఏఎఫ్‌ఎస్1 అని పిలుస్తారు. యాపిల్‌కు ఉన్న 17 జతల క్రోమోజోములలో ఇది పదవ దానిపై ఉంది. అయితే ఈ ఒక్క జన్యువు జోరుగా పనిచేసినంత మాత్రాన స్కాల్డ్ వచ్చి తీరుతుందని చెప్పలేము, ఎందుకంటే ఫార్నసీన్ బాగా తయారైనా అది ఆక్సిజన్‌తో కలవకుండా అడ్డుకునే రక్షక పదార్థాలు తొక్కలో తగినంత ఉన్న రకాలలో మరకలు పెద్దగా రావు. అందువల్ల పరిశోధకులు ఫార్నసీన్ ఎంత తయారవుతుంది, అది ఎంత వేగంగా చెడుతుంది, చల్లదనాన్ని కణాల పొరలు ఎంతవరకు తట్టుకుంటాయి అనే మూడింటినీ కలిపి చూస్తారు. ఈ మూడింటి వెనుకా వేర్వేరు జన్యువులు ఉన్నాయి.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. గ్రానీ స్మిత్ చెట్లన్నీ 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాలో మరియా ఆన్ స్మిత్ తోటలో మొలిచిన ఒకే ఒక చెట్టు నుంచి అంట్ల ద్వారా వచ్చినవి కనుక వాటి జన్యువులన్నీ ఒక్కటే. అయినా ఒక తోట కాయకు మరకలు విపరీతంగా వస్తాయి, మరొక తోట కాయకు అంతగా రావు. పూర్తి పక్వానికి ముందే కోసిన కాయ, కోతకు ముందు వేడిగా, పొడిగా ఉన్న వాతావరణంలో పెరిగిన కాయ ఎక్కువగా దెబ్బతింటాయి. కోతకు ముందు చల్లని రాత్రులు చూసిన కాయ కొంత గట్టిగా నిలుస్తుంది. జన్యువు వల్ల కాయకు ఆ లోపం వైపు మొగ్గు ఏర్పడుతుంది. అది ఎంతవరకు బయటపడుతుందన్నది తోట, కోత, గిడ్డంగి కలిసి తేలుస్తాయి.

ఈ లోపాన్ని అదుపుచేయడానికి వందేళ్లుగా ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. మొదట్లో కాయలను నూనె పట్టించిన కాగితంలో చుట్టేవారు. ఆ తరువాత డైఫినైల్ ఎమీన్ అనే రసాయనంలో ముంచడం చాలా దేశాలలో అలవాటైంది. అవశేషాల భద్రతపై సందేహాలు తీరకపోవడంతో యూరోపియన్ యూనియన్ 2012లో దానికి అనుమతి నిరాకరించింది. ఇప్పుడు ప్రధానంగా రెండు మార్గాలు మిగిలాయి. గిడ్డంగిలో ఆక్సిజన్‌ను బాగా తగ్గించడం ఒకటి. కాయ ఇథిలీన్‌ను గ్రహించకుండా అడ్డుపడే 1-ఎంసీపీ వాయువును పట్టించడం రెండవది. ఈ రెండూ ఖర్చుతో కూడినవే, పైగా సరుకు నిల్వకు వెళ్లిన ప్రతిసారీ చేయవలసినవే. మొగ్గు లేని రకాన్ని ఒకసారి తయారుచేసుకుంటే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది కాబట్టి ఈ పరిశోధనకు విలువ ఉందని నా నమ్మకం.

మీరు చేయగలిగినది కొంత ఉంది. ఉత్తరార్ధగోళపు గ్రానీ స్మిత్ కోత అక్టోబరు ప్రాంతంలోనూ, దక్షిణార్ధగోళపు కోత ఏప్రిల్ ప్రాంతంలోనూ జరుగుతుంది. మన మే నెలలో ఉత్తరార్ధగోళపు సరుకు కొంటే అది ఏడు నెలలు నిల్వ ఉన్నదని అర్థం. పెట్టె మీద దేశం పేరు చూసి నెలలు లెక్కపెట్టండి. ఎక్కువ నెలలైన సరుకును రెండు మూడు రోజులలో అమ్మగలిగినంత మాత్రమే తీసుకుని, మిగిలినది అమ్మే సమయం దాకా చల్లగానే ఉంచండి.

ప్రశ్న: కాశ్మీరు ఎర్ర యాపిల్ కొంటే వారం తిరిగేసరికి పిండిపిండిగా అవుతోంది. ఫ్యూజీ అని అమ్మేవి మూడు వారాలైనా కరకరలాడుతున్నాయి. ఫ్యూజీకి మందు కొడుతున్నారా, లేక మైనం వల్ల అలా ఉంటున్నాయా? (ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: మైనం పూత కాయలోని తేమ ఆరిపోకుండా కొంత ఆపుతుంది, మెరుపు ఇస్తుంది. కరకరలాడే గుణాన్ని మాత్రం అది ఇవ్వలేదు. మీరు గమనించిన తేడాకు ముఖ్యమైన కారణం ఆ రెండు రకాల జన్యువులలోనే ఉంది.

యాపిల్ కోసిన తరువాత కూడా పండుతూనే ఉంటుంది. ఆ పండడాన్ని నడిపించేది ఇథిలీన్. ఇథిలీన్ తయారీలో కీలకమైన ఒక ఎంజైముకు ఏసీఎస్1 అనే జన్యువు ఆధారం. ఈ జన్యువు యాపిల్‌లో రెండు రూపాలలో కనిపిస్తుంది. రెండవ రూపంలో జన్యువుకు ముందు, దాని పనిని నియంత్రించే భాగంలో, ఒక చిన్న డీఎన్ఏ తునక ఎప్పుడో వచ్చి చేరింది. ఆ తునక ఉన్నచోట జన్యువు మందకొడిగా పనిచేస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ రెండవ రూపమే వచ్చిన రకాలలో ఇథిలీన్ తక్కువగా పుడుతుంది. ఫ్యూజీ అటువంటి రకమే. జపాన్‌లో 1939లో రాల్స్ జానెట్, రెడ్ డెలీషియస్ అనే రెండు అమెరికన్ రకాలను సంకరం చేయగా వచ్చిన ఈ రకానికి 1962లో ఫ్యూజీ అని పేరు పెట్టారు. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్‌ల నుంచి వచ్చే ఎర్ర కాయలో ఎక్కువ భాగం డెలీషియస్ వంశానిదే. అంటే మీకు పిండిగా తగిలిన కాయ, కరకరలాడిన కాయ దగ్గరి బంధువులే. సంకరంలో జన్యువుల రూపాలు కొత్తగా జతపడినప్పుడు ఎంత తేడా వస్తుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇథిలీన్ పెరిగినకొద్దీ పీజీ1 అనే మరొక జన్యువు చురుకవుతుంది. అది తయారుచేయించే పాలీగెలాక్టురొనేజ్ అనే ఎంజైము, కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగిస్తుంది. గోడలో ఇటుకలు గట్టిగానే ఉండి మధ్యనున్న సున్నం రాలిపోయినట్టు, కణాలు చెడకుండానే ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. మనం కొరికినప్పుడు కణం పగిలితేనే రసం వస్తుంది. విడిపోయిన కణాలు పగలకుండా జారిపోతాయి కనుక, లోపల రసం ఉన్నా నోటికి పొడిగా, పిండిగా తగులుతుంది. కాయ పక్వానికి వచ్చే కాలాన్ని ప్రభావితం చేసే ఎన్‌ఏసీ18.1 అనే జన్యువు కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. ఆలస్యంగా పక్వమయ్యే రకాలు సాధారణంగా ఎక్కువకాలం గట్టిగా నిలుస్తాయి.

కాశ్మీరు కాయను తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. కోసిన వెంటనే చల్లబరచి, ఆక్సిజన్‌ను ఒకటి నుంచి మూడు శాతానికి తగ్గించిన నియంత్రిత వాతావరణ గిడ్డంగిలో పెడితే డెలీషియస్ కూడా నెలల తరబడి నిలుస్తుంది. పుల్వామా జిల్లాలోని లస్సీపొరాలో అటువంటి గిడ్డంగులు అనేకం ఉన్నాయి. చల్లదనం లేని లారీలో రోజుల తరబడి ప్రయాణించి మండీ నుంచి మండీకి మారి నెల్లూరు చేరిన కాయకు ఆ అవకాశం దక్కలేదు. కాశ్మీరులోనే అంబ్రి అనే ప్రాచీన స్థానిక రకం ఉంది. మంచి వాసనకూ, చాలాకాలం నిల్వ ఉండే గుణానికీ అది పేరుపొందింది. దానిని రెడ్ డెలీషియస్‌తో సంకరం చేసి లాల్ అంబ్రి అనే రకాన్ని కాశ్మీరులోనే తయారుచేశారు. తోటలలో అంబ్రి తగ్గిపోతూ రావడం నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే నిల్వ గుణం కోసం రేపు సంకరం చేయబోయేవారికి అటువంటి చెట్లే మూలధనం.

ఇంట్లో చేయవలసినది సులువు. యాపిల్‌ను కొన్న రోజే ఫ్రిజ్‌లో, రంధ్రాలున్న కవరులో పెట్టండి. మన ఎండాకాలపు గది వేడిలో కాయ మెత్తబడే వేగం ఫ్రిజ్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. యాపిల్ వదిలే ఇథిలీన్ వల్ల పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది. అందుకని వాటిని వేరే అరలో ఉంచండి.

ప్రశ్న: యాపిల్‌లో బిటర్ పిట్ అనే లోపం కాల్షియం తక్కువై వస్తుందని మా పాఠంలో ఉంది. అదే లోపం జన్యుపరమైనదని మరొకచోట చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి? (వ్యవసాయ పట్టభద్ర విద్యార్థిని, కావలి)

జవాబు: రెండూ నిజమే. నిల్వ లోపాలన్నింటిలోనూ ఆలోచించే కొద్దీ ఆసక్తి కలిగించేది ఇదే కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తున్నాను.

బిటర్ పిట్ సోకిన కాయకు తొడిమకు ఎదురు వైపున చిన్న చిన్న గుంటలు పడతాయి. వాటి కింద గుజ్జు గోధుమరంగుకు మారి బెండులా ఎండిపోయి, కాస్త చేదుగా ఉంటుంది. కోతకు ముందే కొంత కనిపించినా, ఎక్కువ భాగం నిల్వలో పెట్టిన తొలి వారాలలో బయటపడుతుంది. కణాల గోడలలో పెక్టిన్‌ను పట్టి ఉంచడానికీ, కణాల పొరలు కారిపోకుండా ఉండడానికీ కాల్షియం అవసరం. అది చాలనిచోట కణాలు కూలిపోతాయి. టమాటాలో కాయ అడుగు నల్లబడే సమస్య మీ ప్రాంతపు రైతులకు తెలిసినదే. దానికీ మూలం కాల్షియమే.

అయితే కాల్షియం నేలలో లేకపోవడం వల్లే కాయకు కొరత వస్తుందని అనుకోకూడదు. నేలలో సమృద్ధిగా ఉన్న తోటలలో కూడా బిటర్ పిట్ వస్తుంది. కాల్షియం చెట్టులో నీటితోపాటు దారువు, అంటే వేరు నుంచి నీటిని పైకి మోసే నాళాల గుండా మాత్రమే పైకి పోతుంది. నీటిని ఎక్కువగా ఆవిరిచేసేది ఆకు కనుక, కాల్షియంలో ఎక్కువ వాటా ఆకులకే వెళుతుంది. పైగా కాయ పెరిగేకొద్దీ దానిలోని దారు నాళాలు తెగిపోయి పనిచేయడం మానేస్తాయి. ఈ నాళాలు ఎంత తొందరగా పనిచేయడం మానేస్తాయి, కాయ ఎంత పెద్దదవుతుంది, వచ్చిన కాల్షియంలో ఎంత భాగం కణంలోని రిక్తిక అనే నీటి సంచిలో బందీ అవుతుంది, ఎంత భాగం గోడలకు అందుతుంది అనేవి రకాన్ని బట్టి మారుతాయి. జన్యువుల పాత్ర ఇక్కడ ఉంది. కాల్షియం కొరత వల్ల లోపం వస్తుందన్నది ఎంత నిజమో, ఆ కొరత ఏ రకంలో ఎంత సులువుగా ఏర్పడుతుందన్నది జన్యువులను బట్టి ఉంటుందన్నదీ అంతే నిజం. 2015లో పరిశోధకులు 16వ క్రోమోజోముపై ఒక చోటును బిటర్ పిట్‌తో గట్టి సంబంధం ఉన్నదిగా గుర్తించారు. దానితో పాటు ఇతర చోట్ల ప్రభావమూ ఉంది. నత్రజని, పొటాషియం ఎక్కువ వేయడం, చెట్టుకు కాయలు తక్కువగా ఉండి ఒక్కొక్కటి బాగా ఊరడం వంటివి జన్యువుల మొగ్గుకు తోడవుతాయి.

దీనికి హనీక్రిస్ప్ రకాన్ని మించిన ఉదాహరణ లేదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1960లో చేసిన సంకరం నుంచి వచ్చి, 1991లో విడుదలైన ఈ యాపిల్ కొరికితే పగిలి రసం చిందుతుంది. కరకరలాడే గుణాన్ని నెలల తరబడి నిలుపుకుంటుంది. దాని తల్లిదండ్రులుగా మొదట నమోదైన పేర్లు సరైనవి కావని తరువాత డీఎన్ఏ పరీక్షలలో తేలింది. జనకులలో ఒకటి కీప్‌సేక్ అనే, బాగా నిల్వ ఉండే రకమని తెలిసింది. నిల్వ గుణం ఏ వంశం నుంచి దిగివచ్చిందో వెతికేవారికి ఇటువంటి సవరణ ఎంతో విలువైనది, ఎందుకంటే వంశవృక్షం తప్పైతే జన్యువుల చోటు గుర్తించే లెక్కలన్నీ తప్పుతాయి.

మెత్తబడకపోవడంలో అంత గొప్పదైన హనీక్రిస్ప్‌కు బిటర్ పిట్ విపరీతంగా వస్తుంది. దానికి తోడు సాఫ్ట్ స్కాల్డ్ అనే మరొక లోపం ఉంది. కాయను కోసిన వెంటనే సున్నా డిగ్రీల చలిలో పెడితే తొక్క మీద అంచులు స్పష్టంగా ఉన్న గోధుమరంగు పట్టీలు దిగబడతాయి. దీనిని తప్పించడానికి కాయలను ముందు వారం రోజులు 10 డిగ్రీల దగ్గర ఉంచి, తరువాత 3 డిగ్రీల దగ్గర నిల్వ చేస్తారు. కాని ఆ వారం వెచ్చదనం బిటర్ పిట్‌ను పెంచుతుంది. ఒక లోపానికి చేసిన వైద్యం రెండవ లోపానికి ఎరువవుతోంది. గిడ్డంగి యజమాని ఎంత నిపుణుడైనా ఈ రెండింటి మధ్య ఏదో ఒక రాజీకి రావలసిందే. నిల్వ గుణం అనేది ఒకే లక్షణం కాదనీ, మెత్తబడకపోవడం, చలిని తట్టుకోవడం, కాల్షియంను సరిగా పంచుకోవడం వేర్వేరుగా సంక్రమిస్తాయనీ మీ సహాధ్యాయులకు చెప్పడానికి ఈ రకాన్నే చూపండి.

ప్రశ్న: జన్యువులు తెలిసినప్పుడు చెడని యాపిల్‌ను ఎందుకు వెంటనే తయారుచేయలేకపోతున్నారు? జన్యు మార్పిడితోనైనా వీలుకాదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, గిద్దలూరు)

జవాబు: యాపిల్ పువ్వు తన పుప్పొడితో తాను ఫలించదు. అందువల్ల ప్రతి గింజా ఇద్దరు భిన్న జనకుల బిడ్డ. ఒకే కాయలోని రెండు గింజలు కూడా ఒకే తీరు చెట్లు కావు. కొత్త రకాలను సంకరం చేసే నిపుణుడు వేలకొద్దీ గింజలు నాటాలి. మొలక కాపుకు రావడానికి చాలా సంవత్సరాలు పడుతుంది. కాయ వచ్చాక కూడా రుచిని ఆ పూటే తేల్చవచ్చును గాని, నిల్వ గుణాన్ని తేల్చాలంటే ఆ కాయను నిజంగానే నెలల తరబడి నిల్వచేసి చూడాలి. ఒక మొలక చెట్టుకు కాసేది కొద్ది కాయలే. వాటిని తినిచూడాలా, గిడ్డంగిలో పెట్టాలా అన్నది తొలి దశలో పెద్ద చిక్కు. స్కాల్డ్ వంటివి ఒక ఏడాది వచ్చి మరొక ఏడాది రాకుండా పోతాయి కనుక, ఒక్క ఏడాది చూసి మంచి రకమని చెప్పడానికి వీలులేదు.

జన్యు గుర్తులు ఈ దశలోనే ఆదుకుంటాయి. 2010లో గోల్డెన్ డెలీషియస్ రకపు జన్యుపటం వెలువడిన తరువాత ఈ పని వేగం అందుకుంది. ఇప్పుడు మొలక రెండు మూడు ఆకులు వేసినప్పుడే ఒక ఆకు ముక్క తీసుకుని, ఏసీఎస్1 ఏ రూపంలో ఉంది, పీజీ1 ఏ రూపంలో ఉంది అని చూసి, త్వరగా మెత్తబడే మొలకలను అప్పుడే తీసివేయవచ్చు. దీనితో కాపుకు వచ్చే కాలం తగ్గదు. కాపుకు వచ్చేదాకా పెంచవలసిన చెట్ల సంఖ్య మాత్రం తగ్గుతుంది, భూమి, కూలి, ఏళ్ల శ్రమ మంచి మొలకల మీదకు మళ్లుతాయి. బిటర్ పిట్, సాఫ్ట్ స్కాల్డ్ వంటి, అనేక జన్యువులు కలిసి నడిపే లోపాల విషయంలో ఒకటి రెండు గుర్తులు సరిపోవు. వేలాది గుర్తులను కలిపి లెక్కగట్టే పద్ధతులు అవసరమవుతాయి.

వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1997లో ఎంటర్‌ప్రైజ్, హనీక్రిస్ప్ రకాలను సంకరం చేసి తీసిన కాస్మిక్ క్రిస్ప్ యాపిల్ 2019 డిసెంబరులో బజారుకు వచ్చింది. మధ్యలో 22 ఏళ్లు గడిచాయి. నియంత్రిత వాతావరణంలో అది దాదాపు ఏడాది నిలుస్తుందని పేరు. అయినా లక్షల చెట్లు నాటిన తరువాత ఆ రకంలో గ్రీన్ స్పాట్ అనే, తొక్క మీద పచ్చని మచ్చలు పడే కొత్త లోపం బయటపడింది. పరీక్షా క్షేత్రాలలోని కొద్ది చెట్ల మీద ఎంత శ్రద్ధగా చూసినా, పెద్ద తోటలలో తప్ప కనిపించని లోపాలు కొన్ని ఉంటాయి. ఈ పని చేసేవారి తొందరలేనితనాన్ని మీరు అలసత్వంగా భావించవద్దని కోరుతున్నాను. ఒక మనిషి ఉద్యోగకాలంలో ఒకటి రెండు రకాలను మాత్రమే బయటకు తేగలిగే వృత్తి ఇది.

జన్యు మార్పిడి గురించి కూడా అడిగారు. కోసిన ముక్క గోధుమరంగుకు మారకుండా పీపీఓ అనే ఎంజైమును అణచిన ఆర్కిటిక్ యాపిల్‌కు అమెరికా వ్యవసాయ శాఖ 2015లో ఆమోదం ఇచ్చింది. అది ముక్క రంగుకు సంబంధించినది. పైన చెప్పిన నిల్వ లోపాలకు అది పరిష్కారం కాదు.

ప్రశ్న: తక్కువ చలితో కాసే యాపిల్ మొక్కలు అమ్ముతున్నారు. మా కందుకూరు దొడ్లో వేస్తే కాయ నిల్వ ఉంటుందా?

జవాబు: డెలీషియస్ వంటి రకాలకు చలికాలంలో సుమారు వెయ్యి గంటలు 7 డిగ్రీల లోపు చలి కావాలి. మీ ఊరిలో ఆ చలి ఒక్క గంట కూడా ఉండదు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్ఆర్ఎంఎన్-99, ఇజ్రాయెల్‌లో తయారైన అన్నా వంటివి తక్కువ చలితో పూస్తాయి. ఇంటి ముచ్చటకు ఒకటి రెండు వేసుకోవచ్చు. ఇవి ఎండాకాలపు తొలి భాగంలోనే పక్వమయ్యే రకాలు. తొందరగా పక్వమయ్యే రకాల నిల్వ గుణం తక్కువని పైన చెప్పాను. కోసిన కాయను కొద్ది రోజులలో తినివేయడమే మేలు. అమ్మకం కోసం ఎకరాల్లో వేయవద్దు.

ప్రశ్న: పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉంది. ధర పడిపోయినప్పుడు కాయను యాపిల్ పెట్టే కోల్డ్ స్టోరేజీలో పెట్టవచ్చా? యాపిల్ మీద జరిగిన జన్యు పరిశోధన మన నిమ్మకు, ఉలవపాడు మామిడికి పనికివస్తుందా?

జవాబు: యాపిల్ గదిలో నిమ్మను పెట్టవద్దు. యాపిల్‌ను సున్నా నుంచి ఒక డిగ్రీ దగ్గర ఉంచుతారు. నిమ్మ ఉష్ణమండలపు పంట. సుమారు 8 డిగ్రీల కంటే కిందకు కొన్ని వారాలు ఉంచితే తొక్క మీద గుంటలు పడి గోధుమరంగు మచ్చలు వస్తాయి. పైగా యాపిల్ వదిలే ఇథిలీన్ వల్ల మీ పచ్చకాయ పసుపెక్కి ధర పోతుంది. మామిడి ఇంకా సున్నితం. బంగినపల్లిని 12, 13 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది, తరువాత సరిగా పండదు. ప్రకాశం జిల్లాలో శనగలు, మిరప నిల్వచేసే గిడ్డంగుల ఉష్ణోగ్రత, తేమ కూడా ఆ సరుకులకు తగినట్టు ఉంటాయి గాని తాజా పండుకు పనికిరావు. పండ్ల నిల్వకు 90 శాతం పైబడిన గాలి తేమ కావాలి, ఎండు సరుకుకు అంత తేమ హానికరం. నిమ్మ పెట్టదలిస్తే 9, 10 డిగ్రీలకు విడిగా గది ఇవ్వగలరా అని గిడ్డంగి వారిని ముందు అడగండి. తొడిమ ఊడని, దెబ్బ తగలని పచ్చకాయనే ఏరి పెట్టండి.

పరిశోధన విషయానికి వస్తే, యాపిల్ జన్యు గుర్తులు నేరుగా నిమ్మకు పనికిరావు. యాపిల్, మామిడి పండడాన్ని ఇథిలీన్ నడిపిస్తుంది, కోసిన తరువాత కూడా అవి పండుతాయి. నిమ్మ ఆ కోవకు చెందదు. కోసిన తరువాత దాని పులుపు, రసం మెరుగుపడవు. ఆ కారణంగా ఏసీఎస్1 తరహా వెతుకులాట మామిడిలో కొంత ఫలించవచ్చు. నిమ్మలో మాత్రం చలిని తట్టుకునే తొక్క, తేమను నిలిపే సహజ మైనపు పొర వంటి లక్షణాల మీద దృష్టి పెట్టవలసి ఉంటుంది. పద్ధతి మాత్రం అచ్చంగా తీసుకోవచ్చు. తోటలలో ఉన్న చెట్లన్నింటి కాయనూ దిగుబడి, గజ్జి తెగులు దృష్టితోనే కాకుండా నిల్వ దృష్టితోనూ పోల్చిచూడాలి. మన పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానం మంచి దిగుబడినిచ్చే ఎంపికలను ఇప్పటికే రైతులకు అందించింది. మీ తోటలో ఏదైనా చెట్టు కాయ మిగిలినవాటికంటే ఎక్కువ రోజులు వాడకుండా, మచ్చ పడకుండా నిలుస్తోందని గమనిస్తే దానికి గుర్తు కట్టి, వరుసగా రెండు మూడు కాపులు విడిగా నిల్వ పెట్టి చూడండి. తేడా ప్రతిసారీ కనిపిస్తే ఆ చెట్టు సంగతి పరిశోధన స్థానానికి తెలియజేయండి.